పేరు, ఇంటిపేరు, ఊరు: బైరాన్‌పల్లి నుంచి పరకాల దాకా

ఆగస్టు 27న బైరాన్‌పల్లి, సెప్టెంబర్ 2న పరకాల. ఒకటి 1948 నాటిది, ఇంకొకటి 1947 నాటిది. రెండు చోట్లా నిజాం పోలీసుల, రజాకార్ల తూటాలకు జనం పిట్టల్లా రాలిపోయారు. ఏటా ఆ తేదీలకు ఆ ఊళ్లు పోయినవాళ్లను తలుచుకుంటాయి. రెండు తేదీల నడుమ వారం కూడా లేదు. ఆ నడుమ దారిలో పడే ఊళ్లు కూడా చూసుకుంటూ రావాలని చాన్నాళ్లుగా మనసులో ఉంది. ఈసారి మా తమ్ముడిని వెంటబెట్టుకుని కారులో బయల్దేరాను.

మాది మడికొండ, కాళోజీ పెరిగిన ఊరు. చరిత్ర అంటే ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప అని చదువుకుంటూ పెరిగాం. నానమ్మ చెప్పే రజాకార్ల కాలం ముచ్చట్లకు మా పాఠ్యపుస్తకాల్లో చోటుండేది కాదు. అవి ఏ ఊరివి ఆ ఊళ్లోనే వినాలి.

ఆగస్టు 27, బైరాన్‌పల్లి

జనగామ నుంచి చేర్యాల దారి పట్టి, లోపలి రోడ్డు ఎక్కి వెళ్లాం. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న ఊరు, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లింది. రాత్రి వాన పడింది. రోడ్డుకు రెండు దిక్కులా పత్తి, అక్కడక్కడా మక్క. ఊరి నడుమ గుండ్రటి పాత బురుజు. పొద్దున్నుంచే జనమంతా అటే నడుస్తున్నారు.

1948 నాటికి ఈ ఊరు తన కాపలా తానే పెట్టుకుంది. బురుజు మీద మనిషి ఉండేవాడు. దూరాన రజాకార్లు కనిపిస్తే మోత మోగించేవాడు, జనం వడిసెలలు, బరిసెలు, నాటు తుపాకులు పట్టుకుని వచ్చేవాళ్లు. మొదట వచ్చిన దాడులను అలాగే తిప్పికొట్టారు. ఆ కసితోనే ఆగస్టు 27న తెల్లవారకముందే పెద్ద బలగం ఊరిని చుట్టుముట్టింది. బురుజు మీద దాచిన మందుగుండు పేలిపోయాక ఎదురు నిలవడానికి ఏమీ మిగల్లేదు. మగవాళ్లను ఇళ్లలోంచి గుంజుకొచ్చి, వరుసగా నిలబెట్టి కాల్చారు. శవాల చుట్టూ ఆడవాళ్లచేత బతుకమ్మ ఆడించారు. పక్కనున్న కూటిగల్లులోనూ అదే రోజు ప్రాణాలు పోయాయి. సరిగ్గా మూడు వారాలకు, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. ఆ మూడు వారాల మాట ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ ఎత్తుతారు. ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే తమవాళ్లు బతికేవాళ్లని.

కార్యక్రమం మామూలుగానే మొదలైంది. స్తూపానికి దండలు, జెండా, నాయకుల ప్రసంగాలు. అవి ముగిసి కార్లు వెళ్లిపోయాక ఒక పిల్లవాడు మైకు తీసుకుని పేర్లు చదవడం మొదలుపెట్టాడు. నాలుగైదు పేర్లు అయ్యాయో లేదో, ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ చేయి పైకెత్తింది.

"ఆగు కొడుకా. ఉత్త పేరు సదివితే ఎట్ల? ఎవలి కొడుకు, ఏ ఇంటాయన, గది జెప్పాలె."

పిల్లవాడికి ఏం చేయాలో తోచలేదు. అవ్వే లేచి వచ్చి పక్కన నిలబడింది. అతను పేరు చదవడం, ఆమె ఆ పేరుకు ఇల్లు చెప్పడం. "ఆయన ఫలానామె పెనిమిటి. పెండ్లయి ఏడాది గాలె." "ఆయనకు ఇద్దరు బిడ్డలు, ఒకామె ఇప్పటికీ ఉన్నది." ఆమెకు తట్టని చోట జనంలోంచి ఇంకొకరు అందుకున్నారు. ఒక పేరు దగ్గర అన్నదమ్ములెవరో తేలక ఇద్దరు ముసలివాళ్లు వాదించుకున్నారు, మూడో ఆయన వచ్చి సర్దిచెప్పాడు. రాతి మీద ఒక్క వరుసలో ఉన్న పేర్లు మా ముందు కుటుంబాలై నిలబడ్డాయి. పొద్దున్నుంచి విన్న ప్రసంగాలన్నీ కలిపినా ఈ కాసేపటితో తూగవు. ఏ ఊళ్లో ఇలాంటి సభ పెట్టినా ఇదే పద్ధతి పెట్టాలని అక్కడే కూర్చుని గట్టిగా అనుకున్నాను.

తర్వాత ఆ అవ్వ దగ్గరికి వెళ్లాను.

"ఏడికెల్లి వచ్చిన్రు బిడ్డా?"

"మడికొండ, అవ్వా. మీరు చెప్తే విందామని."

"నేను అప్పటికి పాలు తాగే పిల్లను. మా అవ్వ జొన్నచేన్ల దాక్కున్నదట నన్ను పట్టుకొని. ఏడిస్తే దొరికిపోతమని నా నోట్ల కొంగు కుక్కిందట. మా నాయిన బురుజు దిక్కు పోయిండు. పోయినోడు మళ్ల రాలే."

ఆనాడు పదేళ్లున్న పిల్లలు ఇప్పుడు తొంభైకి దగ్గర. కళ్లారా చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. చూసినవాళ్ల నోట విన్నవాళ్లే ఇప్పుడు మనకు దిక్కు, వాళ్లకూ డెబ్బై దాటింది. ఆమె అనుమతి తీసుకుని మా తమ్ముడు ఫోన్‌లో మాటలు రికార్డు చేశాడు. ఊరి పిల్లలు ఇద్దరు చూసి, "మా తాతది గూడ చెయ్యన్నా" అన్నారు. "నీ ఫోన్‌లనే చెయ్యి, నీ దగ్గరనే ఉంటది" అని ఎలా చేయాలో చూపించాడు. ముందుగా తేదీ, చెప్పేవారి పేరు, తండ్రి పేరు, ఊరు, ఆ తర్వాతే కథ.

ఆగస్టు 28, చేర్యాల

పటాలు గీసే నకాషీ చిత్రకారుల ఇంట్లో మొత్తం రోజు గడిచింది. ఇంకోరోజు ఉన్నా సరిపోదు.

చేర్యాల పటం గురించి అందరికీ తెలిసింది ఎర్రటి నేపథ్యం, పెద్ద కళ్లు. పటం ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్లు తక్కువ. ఇది గోడకు తగిలించే బొమ్మ కాదు, కథ చెప్పేవాడి పనిముట్టు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైబడిన పొడవు ఉండే బట్ట. పైనుంచి కిందికి గడి తర్వాత గడి. చెప్పేవాడు ఒక్కో గడి విప్పుతూ, పుల్లతో చూపిస్తూ రాత్రంతా కథ నడిపేవాడు. ఒక్కో కులానికి దాని పురాణం, ఆ పురాణం చెప్పే ఆశ్రిత కులం వేరు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్తారు. చాకలివాళ్లకు మడేలు పురాణం. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ. గౌండ్లవాళ్లకు గౌడ పురాణం, మాదిగలకు డక్కలివాళ్లు జాంబ పురాణం. ఏ ఊరు ఎవరి వంతో మిరాశీ హక్కుగా, అంటే తాతల నుంచి వచ్చే హక్కుగా, పంచుకుని ఉండేది. ఏళ్లకోసారి వచ్చినా ఆ ఊరి ఇళ్లన్నీ వాళ్లకు తెలుసు. నిన్న బురుజు కింద అవ్వ అడిగిందీ అదే కదా: కథ ఎవరిదో ఆ ఇంటిముందే చెప్పడం.

చిత్రకారుడు అరవై దాటిన మనిషి. పని ఆపకుండానే మాట్లాడాడు.

"కథ చెప్పేటాయన వచ్చి మా అరుగు మీద కూసునేది అమ్మా. ఏ గడిల ఎవలుండాలె, ఏ రంగు చీర, ఎన్ని చేతులు, అన్నీ ఆయన చెప్పేది. మేం గీసుకుంట పోయేది. పటం అయిపోతే మంచి రోజు చూసి పూజ చేసి ఇచ్చేది. గిప్పుడు అడిగేటోళ్లు ఫ్రేము సైజు అడుగుతున్నరు."

ఆ చివరి మాటలో కోపం లేదు. ఫ్రేములతోనే ఇల్లు గడుస్తోంది. కీచైన్లు, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి చేసే ముఖోటాలు కూడా అమ్ముతారు. అయితే నలభై అడుగుల పటం వేయించే కథకులు తగ్గిపోయారు. పాతబడిన పటాన్ని పారేయరు, మనిషికి చేసినట్టే కర్మ చేసి నదిలో కలుపుతారు. అలా కలిసిపోయిన వాటికి బదులు కొత్తవి అన్నిసార్లూ పుట్టలేదు.

బట్ట తయారు చేయడమే సగం పని. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పేస్టు, చెట్టు బంక కలిపి పూతల మీద పూతలు వేస్తారు. ప్రతి పూతా ఎండాలి. వానాకాలం కాబట్టి మేం వెళ్లినరోజు బట్టలన్నీ వసారాలోనే ఆరేశారు. రంగులు పాత పద్ధతిలో అయితే ఎరుపుకు ఇంగిలీకం, తెలుపుకు శంఖం పొడి, నలుపుకు దీపపు మసి, నీలానికి నీలిమందు. కుంచెకు ఉడుత వెంట్రుకలు.

సాయంత్రం బడి విడిచాక ఐదారుగురు పిల్లలు వచ్చి వాళ్లకు వాళ్లే పీటలు వేసుకుని కూర్చున్నారు. చిత్రకారుడు వాళ్లకు కళ్లు గీయడం నేర్పిస్తాడు. ఊరికే అడిగాను: "పురాణం కాకుండా మీ ఊరి కథ గీయమంటే ఏం గీస్తారు?" ఒక పాప తడుముకోకుండా, "మా చెరువు నిండినప్పుడు కట్ట మీద బోనాలు" అంది. ఇంకొకడు బైరాన్‌పల్లి బురుజు అన్నాడు, వాళ్ల అమ్మమ్మది ఆ ఊరట. చిత్రకారుడు తలెత్తి, "ఎన్ని గడులు పడతదిరా గది?" అని అడిగాడు. పిల్లవాడు వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆ పటం నిజంగా తయారై, వచ్చే ఆగస్టు 27న బురుజు కింద విప్పితే ఎంత బాగుంటుందో! చేయించాలంటే ఎంతవుతుందని అడిగి రాసుకొచ్చాను. ఆసక్తి ఉన్నవాళ్లం కొందరం కలిస్తే అసాధ్యమైన మొత్తం కాదు.

ఆగస్టు 29, బమ్మెర, పాలకుర్తి

గిడుగు రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. బమ్మెరలో పిల్లలు పోతన పద్యాలు అప్పజెప్పారు. ఊళ్లో పోతన దున్నిన పొలం అని చూపిస్తారు. రాజుకు అంకితమివ్వకుండా నాగలి పట్టుకున్న కవి అని ఇక్కడ ఆరో తరగతి పాప కూడా చెప్తుంది, ఆ చెప్పడంలో సొంత మేనమామను గురించి చెప్పినంత చనువు. పద్యం రాగంతో ఎత్తుకున్నప్పుడు వెనకాల నిలబడ్డ తల్లులు పెదవులు కదిపారు. వాళ్లూ అదే బడిలో నేర్చుకున్నవాళ్లే.

వల్మిడి గుట్ట దారిలోనే ఉంది. కాసేపు ఆగి పాలకుర్తి చేరాం.

పాలకుర్తిలో గుట్ట మీద సోమేశ్వరుడి గుడి, కింద చాకలి ఐలమ్మ విగ్రహం. పాల్కురికి సోమనాథుడిదీ ఈ ఊరే. సంస్కృతం రాజ్యమేలుతున్న కాలంలో అందరికీ తెలిసే జాను తెనుగులో ద్విపద రాసినవాడి ఊళ్లోనే, ఏడు వందల ఏళ్ల తర్వాత ఒక చాకలి స్త్రీ దేశ్‌ముఖ్‌కు, అంటే ఊళ్లను గుప్పిట పెట్టుకున్న పెద్ద దొరకు, ఎదురు నిలిచింది. ఐలమ్మ 1895లో కృష్ణాపురంలో పుట్టింది. మల్లంపల్లి మక్తేదారు నుంచి కౌలుకు తీసుకున్న భూమిలో పండిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు ఎత్తుకుపోదామని వస్తే, ఆంధ్ర మహాసభ (జనం నోట 'సంఘం') కార్యకర్తలు ఆమెకు తోడు నిలిచి కోసిన ధాన్యం ఇంటికి చేర్చారు. 1985 సెప్టెంబర్ 10న కన్నుమూసింది. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఇప్పుడామె పేరు. వర్ధంతికి ఊరు అప్పుడే సిద్ధమవుతోంది, విగ్రహం చుట్టూ గద్దెకు సున్నం వేస్తున్నారు. వేస్తున్నాయనను మాటల్లో పెడితే, "మా ఐలమ్మ" అని మొదలుపెట్టాడు. ఏ ఊరు వెళ్లినా ఇలా "మా" అనే మాటతోనే మొదలవుతోంది కథ.

ఆగస్టు 30, కడవెండి

1946 జులై 4న ఇక్కడ సంఘం ఊరేగింపు దొర గడి (కోటలాంటి ఇల్లు) దిక్కుగా వెళ్తుంటే దేశ్‌ముఖ్ గూండాలు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య అక్కడే ఒరిగిపోయాడు, అన్న మల్లయ్య గాయపడ్డాడు. అప్పటిదాకా కర్రలు, వడిసెలలతో సాగిన తెలంగాణ రైతాంగ తిరుగుబాటు ఆ తర్వాత ఆయుధాలు పట్టి 1951 అక్టోబర్ దాకా నడిచింది. ఈ మాత్రం పుస్తకాల్లో ఉంటుంది.

పుస్తకాల్లో దొరకనిది ఒక రిటైర్డ్ సోషల్ సారు దగ్గర దొరికింది. వీలున్న రోజుల్లో పిల్లలను వెంటేసుకుని ఊరంతా నడిపిస్తాడు. స్తూపం దగ్గర మొదలుపెట్టి, గడి ఉన్న చోటు, ఆ తర్వాత వాడవాడకూ. ప్రతి వాడలో ఒక ఇంటిముందు ఆగి పిల్లలతోనే అడిగిస్తాడు: "తాతా, దొర ఇంటికి మీరు ఏం వెట్టి చేసేది?"

ఆ జవాబులు వినాలి. కుమ్మరివాళ్లు కుండలు ఇచ్చేవాళ్లు. చాకలివాళ్లు బట్టలు ఉతకడమే కాదు, రాత్రిపూట దివిటీ పట్టి ముందు నడిచేవాళ్లు. గౌండ్లవాళ్లు కల్లు పోసేవాళ్లు. మాదిగలు చెప్పులు కుట్టేవాళ్లు, మోటకు తోలు పనీ వాళ్లదే. కురుమవాళ్లు గొర్రెను, గొంగడిని ఇచ్చేవాళ్లు. దొర బండికి ముందు పరుగెత్తడం ఒక వెట్టి. పెళ్లయినా చావయినా దొరకు కానుక తప్పదు. వెట్టి అన్న రెండక్షరాలను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలు, ఇప్పుడు తమ ఇంటి వెట్టి ఏమిటో తెలుసుకుని వస్తున్నారు. నడక చివర నోటు పుస్తకంలో రెండు వరుసలు రాయాలి: మా ముత్తాత ఏం పని చేసేవాడు, ఎవరికి ఇచ్చేవాడు.

సారును అడిగాను: "పెద్దవాళ్లకు అవమానంగా అనిపించదా సార్, పిల్లల ముందట చెప్పడం?"

"మొదట్ల చెప్పరు తల్లీ. సిగ్గుపడ్తరు. పక్కింటాయన చెప్పంగనే ఈయనకు ధైర్యమొస్తది. సిగ్గు మనది కాదు, చేయించుకున్నోళ్లది అని ఒక తాత నా ముందట్నే అన్నడు. ఆ మాట పిల్లలు రాసుకున్నరు."

మధ్యాహ్నం సారు ఇంట్లోనే భోజనం. సారు భార్య సర్వపిండి చేసి పెట్టింది. అక్కడా ఆమె ఊరుకోలేదు. ఆడవాళ్ల వెట్టి ఎవరూ అడగడం లేదని, దంచడం, విసరడం, బాలింతరాలు కూడా పొలంలో దిగాల్సిరావడం ఎవరు రాస్తారని గట్టిగా అంది. వచ్చేసారి వాడల్లో అవ్వల దగ్గరికి ఆమె వెళ్తానంది. ఈ యాత్రలో నాకు బాగా సంతోషం కలిగించిన మాట అది.

ఆగస్టు 31, మాణిక్యాపురం

ఒగ్గుకథను దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్య ఊరు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన 2017 నవంబర్‌లో వెళ్లిపోయాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. ఆ రాత్రి ఊళ్లో ఒక బృందం కథ చెప్పింది. ఒకరి ఇంటి మొక్కు అది, టికెట్టూ లేదు, వేదికా లేదు.

డోలు మొదటి దెబ్బ పడగానే పిల్లలు అన్నం పళ్లెంతో సహా వచ్చి కూర్చున్నారు. చేతిలో ఒగ్గు అనే డమరుకం, నడుముకు రంగు గుడ్డ కట్టిన ప్రధాన కథకుడు బీరన్న కథ ఎత్తుకున్నాడు. వెనక తాళాలు, కంజిర. కథలో ఆడమనిషి వచ్చినప్పుడు వంతపాడే మనిషే కొంగు కప్పుకుని తల్లి అయిపోయాడు, ఏడుపు నిజమైన ఏడుపు. నడుమ నడుమ కథ ఆపి, కూర్చున్నవాళ్లను పేరుపెట్టి పలకరించడం, ఈ ఏడు వానలెట్లున్నయని అడగడం. కొమురెల్లి మల్లన్న దగ్గర పసుపు, కుంకుమ, తెల్లపిండి, పచ్చటి ఆకుపొడితో పట్నం అనే పెద్ద ముగ్గు వేసేదీ ఈ ఒగ్గు పూజారులే. సంక్రాంతి తర్వాత ఆదివారాలు వాళ్లకు తీరిక ఉండదు, ఇప్పుడు కలిస్తే తీరిగ్గా మాట్లాడతారు.

తెల్లవారుజామున కథ ముగిశాక ఒక కుర్ర కథకుడిని, ఇంటర్ చదివే పిల్లవాడిని, ఎన్ని కథలు వచ్చని అడిగితే, "రెండు మొత్తం వచ్చు మేడం, మూడోది సగం" అన్నాడు. ముందు తరంవాళ్లకు రాత్రికొకటి చొప్పున ఎన్నో రాత్రులు చెప్పేన్ని వచ్చు. వాటిని రికార్డు చేయడం అవసరమే. ఆ పిల్లవాడికి మూడో కథ పూర్తిగా నేర్చుకునేలా ఏడాదిపాటు ఏ కొంచెమో భృతి ఇవ్వడం అంతకన్నా అవసరం.

సెప్టెంబర్ 1, హన్మకొండ

నిద్ర తీర్చుకున్నాం. సాయంత్రం రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయానికి వెళ్లాను. 1904లో, తెలుగు చదువుకు ఆదరణ లేని నిజాం రాజ్యంలో జనం పెట్టుకున్న గ్రంథాలయం. కాళోజీ పుట్టినరోజు, అంటే తెలంగాణ భాషా దినోత్సవం, ఎనిమిది రోజుల్లో ఉంది.

సెప్టెంబర్ 2, పరకాల

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాద్ సంస్థానానికి రాలేదు. ఇక్కడ త్రివర్ణ పతాకం ఎగరేయడమే నేరం. సెప్టెంబర్ 2న చుట్టుపక్కల ఊళ్ల రైతులు, కూలీలు జెండాలు పట్టుకుని పరకాలకు నడిచి వచ్చారు. వాళ్ల మీద కాల్పులు జరిగాయి. చనిపోయింది 22 మంది అని ఇక్కడ చెప్పుకునే లెక్క. గాయపడ్డవాళ్లు అంతకు చాలా రెట్లు. ఆ స్మృతికి కట్టిన అమరధామాన్ని 2003లో ప్రారంభించారు. కాల్పుల దృశ్యాలు శిల్పాలుగా ఉంటాయి. ఒరిగిపోతున్న మనిషి చేతిలోంచి జెండా అందుకుంటున్న ఇంకొక మనిషి ముందు చాలాసేపు నిలబడ్డాను.

బైరాన్‌పల్లికి, పరకాలకు ఒక తేడా. అక్కడ చనిపోయినవాళ్లది దాదాపు ఒకే ఊరు, పేరు వినగానే ఇల్లు తెలుస్తుంది. ఇక్కడికి పలు ఊళ్ల నుంచి నడిచి వచ్చారు, వాళ్ల కుటుంబాలూ చెదిరి ఉన్నాయి. దండలు వేసినవాళ్లలో ఒక నడివయసు మనిషిని పలకరిస్తే తాను ఫలానా ఊరి నుంచి వచ్చానని, తాతకు ఇక్కడే తొడలో గుండు దిగిందని, బతికినా కుంటుకుంటూనే నడిచాడని చెప్పాడు. "సచ్చిపోయినోళ్ల పేర్లు చెప్తరక్కా. దెబ్బలు తగిలి బతికినోళ్లను ఎవలు అడగరు." ఆయన ఊళ్లో అలా గాయపడ్డవాళ్లు ఇంకా ముగ్గురట, ముగ్గురి ఇంటిపేర్లూ ఆయనకు నోటికొచ్చు. నేను ఆయన తాత పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకున్నాను. మా తమ్ముడు ఆయన ఫోన్‌లోనే ఆయన మాటలు రికార్డు చేసి ఇచ్చాడు.

చేయాల్సిన పని ఇక్కడే స్పష్టంగా కనిపిస్తోంది. 1947లో పరకాలకు జనం వచ్చిన ఊళ్లన్నీ ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. ప్రతి ఊరి బడి నుంచి పది మంది పిల్లలు తమ ఊరి నుంచి ఎవరు నడిచి వెళ్లారో, ఎవరు తిరిగి రాలేదో, ఎవరు గాయాలతో వచ్చారో అడిగి రాస్తే చాలు, కడవెండి సారు చేయిస్తున్నట్టు. వచ్చే సెప్టెంబర్ 2న ఆ పేర్లు ఊరివారీగా, ఏ ఊరిది ఆ ఊరి పిల్లలే చదవాలి. మేం తిరిగొచ్చేదారిలో ఒక బడిలో ఆగి సోషల్ టీచరమ్మతో ఈ మాట అన్నాను. దసరా సెలవుల్లో మొదలుపెడతానంది, ముందుగా తన అత్తగారి ఊరితోనే.

ఎవరైనా ఈ దారిలో తిరగాలనుకుంటే తేదీలు ఇవి: కడవెండికి జులై 4, బైరాన్‌పల్లికి ఆగస్టు 27, పరకాలకు సెప్టెంబర్ 2, పాలకుర్తికి సెప్టెంబర్ 10 లేదా ఐలమ్మ జయంతి సెప్టెంబర్ 26. రైలులో వస్తే జనగామలో దిగండి, చేర్యాల, పాలకుర్తి రెండు దిక్కులా బస్సులు దొరుకుతాయి. బైరాన్‌పల్లిలో నాయకులు వెళ్లిపోయేదాకా ఉండండి. చేర్యాల వెళ్లేముందు చిత్రకారులకు చెప్పి వెళ్తే పెద్ద పటం విప్పి చూపిస్తారు. రికార్డు చేసుకుంటే ఒక ప్రతి చెప్పినవాళ్ల ఇంట్లోనే ఉంచి రండి.